ఎంగిలైన అమరశిల

పోయిన వారం పెద్దమ్మను చెల్లెలి ఇంటి గుమ్మంలో, ఒక కాలు లోపల, ఒక కాలు బయట ఉండగా వదిలేశాం. పాపం, అప్పట్నుంచి భుజాన సంచీతో, బూట్లకు బురదతో అలాగే నిలబడి ఉంది. ఇక లోపలికి రానిద్దాం.

మధ్యలో వచ్చి కూర్చున్నవారి కోసం కథ రెండు ముక్కల్లో. పెద్దమ్మ రాళ్ళు చదివే మనిషి. చమురు కోసం భూమిలోకి గొట్టం దింపే చోట, అడుగునుంచి పైకొచ్చే రాతిని చూసి ‘ఉంది’, ‘లేదు’ అని తేల్చడం ఆమె ఉద్యోగం. ఆమె భర్తదీ అదే వృత్తి. నడిసముద్రంలో తవ్వకం అని చెప్పి ఏడాది కిందట వెళ్ళాడు. ఆదివారాలు తనే ఫోను చేస్తాడు. ప్రాణం మీదికొస్తే తప్ప చెయ్యొద్దని ఒక నంబరు ఇచ్చాడు. మొన్నామధ్య ఆయన మాట్లాడుతుండగా ఫోనులో మేక అరిచింది. ‘టీవీలోలే’ అన్నాడు. నడిసముద్రంలో మేకేమిటి, రాసేవాడు నిద్రపోతున్నాడా అని కొందరు పాఠకులు ఉత్తరాలు రాశారు. రాసేవాడు మేలుకునే ఉన్నాడు.

చెల్లెలికి ఇద్దరు కొడుకులు. భర్త ఎప్పుడో పోయాడు. పెద్దకొడుకు నెలన్నర కిందట, సరిహద్దు అవతల బోడికొండను పట్టుకునే పోరులో పోయాడు. ఆ యుద్ధం చమురు కోసమేనని ఊరంతా గొణుగుతోంది. కానేకాదని ఒక పెద్దమనిషి సర్కారు తరఫున రోజూ సాయంత్రం ఆరుగంటలకు టీవీలో కనబడి చెబుతున్నాడు. ఆయన ఈ చెల్లెలికి సొంత మరిది. ఇంటా బయటా ఆయన్ని ‘ఆరుగంటలాయన’ అంటారు. నిన్న టౌన్‌హాల్లో సభ పెట్టి, బిడ్డల్ని పోగొట్టుకున్న తల్లులకు బోడికొండ రాయి ఒక్కొక్కటి గాజుపెట్టెలో పెట్టి పంచారు. దాని పేరు అమరశిల. ఆ సభలో బాబాయి ఉపన్యాసం విని, చిన్నకొడుకు అక్కడికక్కడే సైన్యంలో చేరతానని చెయ్యెత్తేశాడు. ఇవాళ నాలుగింటికి వ్యాను వస్తుంది. వ్యానెక్కి సంతకం పెడితే అంతే సంగతులు. ఫోనులో ఈ కబురు విని పెద్దమ్మ పని మధ్యలో వదిలేసి, బట్టలైనా మార్చుకోకుండా వచ్చింది.

ముందుగది పెద్దదేం కాదు. ఒక సోఫా, ఒక భోజనాల బల్ల, పిల్లలు స్కూల్లో గెలిచిన కప్పులు పెట్టిన అద్దాల బీరువా. కప్పుల్ని మూలకు నెట్టి, వాటి స్థానంలో గాజుపెట్టె పెట్టారు. లోపల జానెడు రాయి, మెరుగుపెట్టి నున్నగా ఉంది. పెట్టె అడుగున చిన్న బల్బు, బల్బుకు బ్యాటరీ. అమరత్వం ఎన్నాళ్ళు వెలగాలో ఎవరో ముందే తేల్చి పెట్టారన్నమాట.

ఆరుగంటలాయన భోజనం చేస్తున్నాడు. సాయంత్రం కెమెరా ముందు కూర్చోవాలి కనుక మొహానికి పౌడరు పూసుకునే వచ్చాడు. మెడ దగ్గర అది చెమటకు తడిసి చారలు కట్టింది. వదినను చూసి ఎడమచేత్తోనే నమస్కారం లాంటిదొకటి చేశాడు.

“రండి వదినగారూ, సమయానికొచ్చారు. చిన్నవాణ్ణి చల్లగా దీవించి పంపిద్దాం.”

“నేనొచ్చింది ఆపడానికి మరిదిగారూ.”

“అలాగే, అలాగే,” అన్నాడాయన, పసిపిల్లను సముదాయించినట్టు. “ముందు కాళ్ళు కడుక్కోండి.”

ఆయన తీరే అంత. అవుననడు, కాదనడు. ఆకుకు అందకుండా పోకకు పొందకుండా మాట్లాడడం నేర్చి, దానికే జీతం తీసుకుంటున్నవాడు. చిన్నప్పుడు ఇంట్లో గ్లాసు పగిలితే ‘గ్లాసుకు పగలాలనిపించింది’ అనేవాడట. వాళ్ళమ్మ నవ్వి ఊరుకునేది. అప్పుడే ఒకటి వేసి ఉంటే దేశానికి ఇంత ఖర్చు తప్పేది.

చిన్నవాడు లోపలి గదిలోంచి సంచీ పట్టుకుని వచ్చాడు. ఒంటిమీద అన్న స్వెట్టరు. అన్న పొడగరి. స్వెట్టరు చేతులు వేళ్ళు దాటి వేలాడుతున్నాయి. వాటిని మడిచీ మడిచీ విసిగిపోయి వదిలేసినట్టున్నాడు. పెద్దమ్మ వాటిని మడవడానికి చెయ్యి చాపింది.

“పెద్దమ్మా, నువ్వేం చెప్పినా నేను వెళ్తాను,” అన్నాడు, ఆమె నోరు తెరవకముందే. “అన్నయ్య రక్తం పడ్డచోటు. దాన్ని వాళ్ళకొదిలేసి ఇంట్లో కూర్చోమంటావా?”

చెల్లెలు బీరువా పక్కనే నేలమీద కూర్చుని ఉంది. ఏడ్చి ఏడ్చి మొహం ఉబ్బింది. అక్క చెయ్యి పట్టుకుని పెట్టె దగ్గరికి లాగింది.

“చూడవే అక్కా. వాడు పడ్డచోటి రాయి. రాత్రి పక్కలో పెట్టుకునే పడుకున్నా. ఇదిగో, ఈ ఎర్రగీత చూశావా? పిల్లల రక్తం రాతిలోకి ఇంకిందట. పక్కనున్న నల్లగీత మన దుఃఖమట. మరిది నిన్న సభలో చెప్తుంటే హాలంతా ఏడ్చింది.”

పెద్దమ్మ వంగి చూసింది. రాతి వీపు మీద పొడుగునా, ఒకదాని పక్కన ఒకటి, రైలుపట్టాల్లా రెండు గీతలు. ఎర్రది, నల్లది. ఆమెకు ముందు నవ్వొచ్చింది. పెదవి కొరికి ఆపుకుంది. ఆ నవ్వు వెనకాలే ఇంకోటి లేచింది. దానికి అసహ్యం అన్న మాట చాలదు.

“మరిదిగారూ, ఈ గీతలు ఎవరు గీశారు?”

“ఎవరు గీస్తారు వదినగారూ? ప్రకృతి!”

“పంచిన రాళ్ళన్నిటి మీదా ఉన్నాయా?”

“అన్నిటి మీదా!” ఆరుగంటలాయన కంచం ముందునుంచే చెయ్యెత్తాడు, సభలో ఎత్తినట్టే. “అదే కదా అద్భుతం! రాళ్ళు నా బల్ల మీదికి రాగానే చూసి నిలువునా నీరైపోయాను. ఆ మాటలు నేను రాయలేదండీ. వాటంతటవే వచ్చాయి.”

“వస్తాయి, వస్తాయి. మీకు మాటలకేం తక్కువ,” అంటూ పెద్దమ్మ పెట్టె మూత తీసింది.

“అయ్యో, తియ్యకే!” అంది చెల్లెలు.

అప్పటికే రాయి ఆమె చేతిలో ఉంది. ఒకసారి బరువు చూసింది. తిప్పి గుండ్రటి వీపు నిమిరింది. తర్వాత అలవాటుగా, ఆలోచనైనా లేకుండా, దాన్ని నోటి దగ్గరికి తీసుకుని నాలుకతో ఒక్క నాకు నాకింది.

ఇంట్లో పిడుగు పడ్డట్టయింది. చెల్లెలు నెత్తి కొట్టుకుంది. “ఎంగిలి చేశావే! నా కొడుకు రాయి ఎంగిలి చేశావే!” చిన్నవాడి సంచీ కిందపడింది. ఆరుగంటలాయన కుర్చీలోంచి సగం లేచి, దేశగౌరవానికి భంగం కలిగినప్పుడు పెట్టే మొహం పెట్టాడు. ఆ మొహం టీవీలో అందరూ చూసిందే.

“నాలుక పెట్టకుండా రాయి చదివేవాళ్ళు మాలో లేరు,” అంది పెద్దమ్మ, తొణక్కుండా. “తడిస్తే రాతిలో గింజ కనబడుతుంది. ఆరితే మొహం దాచుకుంటుంది. ఏడవకే చెల్లీ. ఇది వాడు పడ్డచోటి రాయి కాదు. కొండ మీదిదే కాదు. కొండ అడుగునుంచి తవ్వి తీసింది.”

ఆమె చెప్పుకుపోయింది. గొట్టం దింపి తవ్వినప్పుడు రాయి గుండ్రటి దుంగలా పైకొస్తుంది. దాన్ని నిలువునా కోసి డబ్బాల్లో సర్దుతారు. అందుకే దీనికి వీపు గుండ్రంగా, కడుపు బల్లపరుపుగా ఉంది. ఏ కొండమీదా రాయి అలా పుట్టదు.

“పైకొచ్చిన దుంగకి తలేదో కాళ్ళేవో తెలీదురా చిన్నా. తారుమారైతే మేం చదివినదంతా తలకిందులే. అందుకని గొట్టంలోంచి తీస్తూనే రెండు పెన్నులు కలిపి కట్టి పొడుగునా గీసేస్తాం, ఒక ఎర్రగీత, ఒక నల్లగీత. తల పైకి పెట్టి చూస్తే ఎర్రది కుడిపక్కనుండాలి. మధ్యలో చిన్న బాణం కూడా వేస్తాం, తల ఇటు అని. మా పనిలో ఇది అక్షరాభ్యాసం. మీ పెదనాన్నకీ నాకూ మొదట గొడవైందే దీని దగ్గర. ఎడమచేతివాటం మనిషి, ఎర్రగీత ఎడమపక్కకి తెచ్చేవాడు. ఎంత తిట్టినా మారలేదు. పెళ్ళి చేసుకుంటేనైనా మారతాడేమోనని చేసుకున్నాను.” ఆమె ఆరుగంటలాయన వైపు తిరిగింది. “మరిదిగారూ, మీ సభలో హాలంతా ఏడ్చింది పెన్నుగీతకి.”

“పెన్నా?” అన్నాడు చిన్నవాడు. ఆ మాట వాడి నోట్లోంచి చాలా చిన్నగా వచ్చింది.

ఆరుగంటలాయన బెల్లం కొట్టిన రాయిలా కూర్చుండిపోయాడు. ఏం జరిగి ఉంటుందో ఊహించడానికి పెద్ద తెలివేం అక్కర్లేదు. కొండమీది రాళ్ళు పట్టుకురమ్మని పైనుంచి హుకుం వచ్చి ఉంటుంది. తేవడానికి వెళ్ళినవాడు ఎండలో ఆ కొండెక్కడానికి బద్ధకించి, కింద తవ్వకంవాళ్ళ షెడ్డులో ఒకే సైజున కోసి, వరసగా సర్ది ఉన్న రాళ్ళను చూసి, ‘ఇవి మరీ బాగున్నాయే’ అనుకుని ఎత్తుకొచ్చి ఉంటాడు. వాడికి రాయంటే రాయే. ఇక్కడ ఈయన వాటిమీద గీతలు చూసి కవి అయిపోయాడు. అబద్ధం చెప్పడానికైనా కాస్త ఒళ్ళు వంచాలి, అదీ చేతకాని జాతి.

“వాళ్ళు ఎక్కణ్ణుంచి తెచ్చారో నాకేం తెలుసు?” అన్నాడు చివరికి. “అయినా తవ్వితే తప్పేముంది? నీళ్ళ కోసం తవ్వి ఉంటారు. ఆ కొండజనానికి తాగడానికి నీళ్ళు లేవు పాపం.”

పెద్దమ్మ సంచీలోంచి సుత్తి తీసింది. రాతిని బల్లమీద పెట్టబోయి ఆగింది. ఇది తన రాయి కాదు. నేలమీద కూర్చున్న చెల్లెలి ముందు తనూ కూర్చుంది.

“కొట్టనా? నువ్వు వద్దంటే పెట్టెలో పెట్టేస్తాను. మళ్ళీ ఈ మాటెత్తను.”

చెల్లెలు రాతి వంక చాలాసేపు చూసింది. చిన్నకొడుకు వేళ్ళు దాటి వేలాడుతున్న స్వెట్టరు చేతుల వంక చూసింది.

“కొట్టు,” అంది.

రాయి ఒక్క దెబ్బకు రెండయింది. పెద్దమ్మ విరిగిన ముఖాన్ని చెల్లెలి ముక్కు దగ్గర పెట్టింది. కిరసనాయిలు వాసన. పెట్రోలు బంకు పక్కనుంచి పోతుంటే కొడుతుందే, ఆ వాసన. చెల్లెలు కళ్ళు మూసుకుంది.

“రాత్రంతా వస్తూనే ఉందే అక్కా. బ్యాటరీ వాసనేమో అనుకున్నా.”

చిన్నవాడు వచ్చి వాసన చూశాడు. రెండోసారి చూశాడు. బాబాయి వైపు తిరిగాడు. ఆరుగంటలాయన చెయ్యి కడుక్కోవడానికి లేచాడు. తిరిగొచ్చేసరికి ఆయన మొహంలో కంగారు పోయింది. తువ్వాలుతో ఒక్కొక్క వేలూ తుడుచుకుంటూ మొదలుపెట్టాడు.

“సరే. చమురే అనుకుందాం. అయితే? ఏ యుద్ధమైనా ఒక్కదాని కోసం జరుగుతుందా? సరిహద్దుంది, పరువుంది, పాత పగలున్నాయి. చమురు కావాలంటే కొనుక్కోవచ్చు. యుద్ధం కన్నా చౌక. అన్నిటికీ చమురే కారణమనడం చదువుకున్నవాళ్ళ సోమరితనం వదినగారూ. ఇంకో మాట. మీరొచ్చిన బస్సు నీళ్ళతో నడిచిందా? మీ బూట్లకున్న బురద ఏమిటి? మీలాంటివాళ్ళు ‘ఇక్కడుంది’ అని చెప్తేనే కదా, మాలాంటివాళ్ళం మిగతా మాటలు చెప్పాల్సొచ్చేది?”

అది తగలాల్సినచోటే తగిలింది. పెద్దమ్మ తన బూట్ల వంక చూసుకుంది. ఆ బురద ఆమె తిండి, ఈ ఇంటి అద్దెలో సగం, పిల్లల చదువు. ఆమెకు మరిది మీదున్నంత అసహ్యమూ తన మీద కూడా వేసింది. అయినా తలొంచలేదు.

“నిజమే. చమురు సంగతి తెలీనప్పుడూ జనం కొట్టుకు చచ్చారు. ప్రతి యుద్ధమూ దీనికోసమే అని నేననను. కొనుక్కుంటే చౌక అన్నారే, ఎవరికి చౌక? యుద్ధం ఖర్చు అందరిదీ. చమురు మాత్రం అందరిదీ కాదుగా? అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు, మా చెల్లెలి కొడుకుని మీరు దానం చేశారు. చమురు కోసం కాకపోతే కాదని రోజూ ఆరుగంటలకు ఎందుకండీ చెప్పడం? మా ఇంట్లో దొంగ లేడు, మా ఇంట్లో దొంగ లేడు అని ఎవడైనా రోజూ వీధిలోకొచ్చి అరుస్తాడా? గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకోవడం విన్నాను. మీరు టైము పెట్టుకుని మరీ తడుముకుంటున్నారు.”

చెల్లెలి మొహంలో నవ్వు లాంటిదేదో కదిలి ఆగిపోయింది. ఈ నెలన్నరలో అది మొదటిసారి.

“ఇంకోటి,” అంది పెద్దమ్మ. “ఈ రాయి చాలా లోతుది. ఇంత లోతుకు పోవాలంటే ముందు కొండదాకా రోడ్డు వెయ్యాలి, యంత్రాలు చేరాలి, నెలల తరబడి తవ్వాలి. బోడికొండ మన చేతికొచ్చి ఎన్నాళ్ళయిందిరా?”

“అన్నయ్య పోయినరోజే వచ్చింది. నెలన్నర,” అన్నాడు చిన్నవాడు. వాడి గొంతు గట్టిపడింది. “అంటే మనం వెళ్ళకముందే ఎవరో తవ్వారు.”

“శత్రువులు!” ఆరుగంటలాయన అందుకున్నాడు, పడిపోతున్నవాడికి కొమ్మ దొరికినట్టు. “ఇంకెవరు? మన గడ్డను దొంగతనంగా తవ్వుకుంటున్నారు. మీ అన్న ఆ దొంగల్ని తరిమి ప్రాణమిచ్చాడు. చూశావా, మీ పెద్దమ్మే రుజువు చేసింది. ఇవాళ సాయంత్రం ఇదే చెప్తాను.”

చూశారుగా, ఎంత లాఘవం! కాళ్ళకింద తీసేసిన చాపనే భుజాన శాలువా చేసి కప్పుకున్నాడు.

చిన్నవాడు పెద్దమ్మ ఎదురుగా నిలబడ్డాడు. “తవ్వింది వాళ్ళయితే నేను వెళ్తాను. మనవాళ్ళయితే వెళ్ళను. తేల్చి చెప్పు పెద్దమ్మా. రాయి చూసి అన్నీ చెప్తావుగా, ఎవరు తవ్వారో చెప్పలేవా?”

“రాయికి అది తెలీదురా,” అంటూనే ఆమె పెద్దముక్కను కిటికీ వెలుతురుకు పట్టింది. మెరుగుకి పూసిన వార్నిషు సుత్తిదెబ్బకు కొంత లేచిపోయింది. మంచినీళ్ళ గ్లాసులో వేళ్ళు ముంచి అక్కడ తుడిచింది. రెండు గీతల మధ్య చిన్న బాణం వెలిసిపోయి కనిపించింది. బాణం మొన పైకి ఉండేలా రాతిని తిప్పింది.

ఎర్రగీత ఎడమపక్కన ఉంది.

ఆమె మళ్ళీ తిప్పి చూసింది. ఎన్నిసార్లు తిప్పినా రాయి మాట మార్చలేదు. కొత్త కాపురంలో తను తిట్టిన తిట్లు, ఆ మనిషి సిగ్గుపడి నవ్విన నవ్వు, ‘గీత ఎటుంటే ఏంటే, చమురు పైకే కదా వచ్చేది’ అన్న మాట, అన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి. ఏడాదిగా ఆదివారాలు అబద్ధమాడిన గొంతును తను ప్రేమగా విన్నది. తెలివైనదాన్ననుకుంది. నడిసముద్రంలో మేక అరిస్తే టీవీ అని నమ్మింది.

కింద వీధిలో వ్యాను హారను కొట్టింది.

“పెద్దమ్మా,” అన్నాడు చిన్నవాడు. సంచీ తీసి భుజాన వేసుకున్నాడు. “తెలుసా, తెలీదా?”

ఆమె తలెత్తింది. ఆరుగంటలాయన ఆమెనే చూస్తున్నాడు. ఆ చూపులో వెటకారం లేదు, భయం అసలే లేదు. ఆడుతూ ఆడుతూ చివరి ముక్క దాచుకున్నవాడి తీరిక ఉంది.

“వదినగారికి తెలిసిపోయింది,” అన్నాడు, తువ్వాలు మడత పెడుతూ. “చెప్పండి వదినగారూ. తవ్వినవాడు మనవాడే అంటే, ఆ మనవాడి గతేమవుతుందో కూడా చెప్పండి. దొంగతనంగా సరిహద్దు దాటినవాడికి ఏ శిక్షో మీకూ తెలుసు. ఇంతకీ అన్నయ్యగారు సముద్రంలో బాగున్నారా?”

చెల్లెలు ఏమీ అర్థంకాక అక్క వంక, మరిది వంక మార్చి మార్చి చూసింది. హారను మళ్ళీ మోగింది, ఈసారి విసుగ్గా. చిన్నవాడు తలుపు గడియ తీశాడు.

“ఆగరా,” అంది పెద్దమ్మ.

సంచీలోంచి ఫోను తీసింది. ప్రాణం మీదికొస్తే తప్ప చెయ్యొద్దన్న నంబరు నొక్కింది. ఆరుగంటలాయన మొహంలో తీరిక పోయింది. “వదినగారూ, వద్దు,” అంటూ ముందుకొచ్చాడు. ఆమె రెండోచేత్తో సుత్తి ఎత్తేసరికి ఉన్నచోటే ఆగిపోయాడు.

స్పీకరు నొక్కి, ఫోనును బల్లమీద, పగిలిన రాతి పక్కన పెట్టింది. అవతల మోగింది. మోగుతూనే ఉంది. గుమ్మంలో ఒక కాలు బయట పెట్టి చిన్నవాడు నిలబడ్డాడు. చివరికి ఎవరో ఎత్తారు.

‘హలో’ కన్నా ముందు మేక అరిచింది.